పెదనాన్న ఛానల్

మా పెదనాన్న డప్పు ఇప్పుడు నా లాప్‌టాప్‌లో ఉంది. మొదట్లో నాలుగే నాలుగు ముక్కలుగా ఉండేది. ఒక్కో ముక్క సెకను కూడా ఉండదు. ఆ ముక్కల్ని సాఫ్ట్‌వేర్‌లో ఎలా విడదీశానో, విడదీసింది తప్పని ఎవరు చెప్పారో, చివరికి ప్రభ రోజు ఏం జరిగిందో రాస్తాను. మధ్యలో కొంచెం టెక్నికల్ గోల ఉంటుంది. బీట్లు చేసే అలవాటున్న వాళ్ళకి పనికొస్తుంది. మిగతావాళ్ళు కూడా చదవగలిగేలా రాయడానికి ప్రయత్నించాను.

మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. మాకు సంక్రాంతి కంటే శివరాత్రి పెద్దది. ఆ రోజు కోటప్పకొండ తిరునాళ్ళ. త్రికోటేశ్వరస్వామి కొండకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు వస్తాయి. చూడని వాళ్ళకి ప్రభ అంటే ఏంటో చెప్పడం కష్టం. వెదుళ్ళు, కర్రలు కట్టి, రంగుల గుడ్డలు చుట్టి, కరెంటు బల్బులు పెట్టి నిలబెట్టిన ఒక పెద్ద గోడ అనుకోండి. కొన్ని 80 అడుగులు దాటతాయి. ఆ గోడ కదులుతూ రోడ్డు మీద వస్తుంది. దాని ముందు డప్పులు. ఈ మధ్య మా ఊరి ప్రభకి వెనకాల డీజే బాక్సులు కూడా.

పోయిన శివరాత్రికి నెల ముందు మా ఊరి ప్రభ కమిటీ కుర్రాళ్ళు ఫోన్ చేశారు. "నువ్వు కంప్యూటర్స్ కదా. మనకో మిక్స్ చెయ్యరా. ఆన్‌లైన్లో దొరికే తీన్మార్ బీట్లు అన్ని ఊళ్ళ ప్రభల మీదా అవే మోగుతున్నాయి" అన్నారు. సీఎస్ఈలో చేరితే ప్రింటర్ నుంచి ప్రభ దాకా అన్నీ మనకే వస్తాయని మీకూ తెలుసు కదా. సరే అన్నాను. అప్పుడే అనిపించింది, ఎవరివో బీట్లు ఎందుకు, పెదనాన్న డప్పే రికార్డ్ చేసి వాడదామని.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఆరో తరగతిలో 'మై ఫ్యామిలీ' అని ఎస్సే రాయమంటే, పెదనాన్న రైతు అని రాశాను. అబద్ధం కాదు. అరెకరం కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. కానీ ఊళ్ళో ఆయన్ని ఎవరూ రైతుగా గుర్తుపట్టరు. డప్పు అంటేనే గుర్తుపడతారు. పెళ్ళికి పిలుస్తారు, ప్రభకి పిలుస్తారు, అన్నిటికంటే ఎక్కువగా చావుకి పిలుస్తారు. డప్పు ఎవరిదో, ఎవరు కొడతారో, ఆ పిలుపులో గౌరవం ఎంతో ఆంధ్రాలో పుట్టిన వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమానికి దండోరా అనే పేరు ఊరికే రాలేదు. మా నాన్న కూడా చిన్నప్పుడు డప్పు కొట్టేవాడు. తర్వాత తాపీ పని నేర్చుకుని డప్పు పూర్తిగా వదిలేశాడు. ఇంట్లో దాని మాటే ఎత్తనివ్వడు. నేను రికార్డింగ్ సంగతి చెప్పినప్పుడు ఒకటే అన్నాడు: "చదువుకోమని పంపిస్తే మళ్ళీ డప్పు దగ్గరికే పోయావా?"

నేను ఏమీ మాట్లాడలేదు. బ్యాగ్ తీసుకుని పెదనాన్న దగ్గరికి వెళ్ళాను.

మొదట ఫోన్‌తోనే రికార్డ్ చేశాను. దెబ్బ గట్టిగా పడగానే ఫోన్ మైక్ తట్టుకోలేక పైభాగం కోసేసింది. వేవ్‌ఫామ్ చూస్తే కొండ ఉండాల్సిన చోట బల్ల ఉంది. అందుకని కాలేజీ మ్యూజిక్ క్లబ్ నుంచి ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ అడిగి తెచ్చుకుని తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళాను. కళ్ళం దగ్గర పెదనాన్న వరిగడ్డి మంట వేసి డప్పు కాస్తున్నాడు. చెక్క చట్రానికి బిగించిన తోలు వేడికి బిగుసుకుంటేనే మోగుతుంది. వేలితో తట్టి చూసి, ఇంకొంచెం కాచి, మళ్ళీ తట్టి చూసి, "ఇప్పుడు చెప్పు. ఏ దెబ్బ కావాలి? చావుదా, పెళ్ళిదా, ప్రభదా?" అన్నాడు.

"ఏదీ వద్దు పెదనాన్నా. ఒక్కో దెబ్బ విడివిడిగా కొట్టు. ఒకటి కొట్టి ఆగు, అది పూర్తిగా ఆరిపోయాక ఇంకోటి."

"విడిగా కొడితే అది డప్పెట్టా అవుద్దిరా?" అని నవ్వాడు. కానీ కొట్టాడు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్రతో నడిమధ్య ఒక దెబ్బ. అదే చిర్రతో అంచు దగ్గర ఒకటి. ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్లతో ఒకటి. వేళ్ళతో తోలు నొక్కిపట్టి, మూసి కొట్టిన దెబ్బ ఒకటి. ఇవే నాలుగు ముక్కలు.

హాస్టల్‌కి వచ్చి ఆ నాలుగింటినీ ఒక ఉచిత డ్రమ్ సాంప్లర్ ప్లగిన్‌లో వేశాను. సాంప్లర్ అంటే ఏం లేదు, ఒక్కో ప్యాడ్‌కి ఒక్కో శబ్దం తగిలిస్తే కీబోర్డ్ నొక్కినప్పుడు అది మోగుతుంది. నేను వాడింది రీపర్. విన్‌ఆంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది. 60 రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారు, నా పాత లాప్‌టాప్ మీద కూడా ఆగకుండా నడుస్తుంది. అందుకే అది.

దరువు ప్రోగ్రామ్ చేశాను. పరవాలేదు అనిపించింది. కొంచెం పెద్దగా, గంభీరంగా వినిపించాలని రివర్బ్ పెట్టాను. అంతే, మొత్తం పాడైపోయింది. చిటికెన పుల్ల శబ్దం రివర్బ్‌తో మెరిసింది, నడిమ దెబ్బ మాత్రం ఖాళీ ఫంక్షన్ హాల్లో మైక్ టెస్టింగ్‌లా గుయ్యిమంటోంది. రివర్బ్ తగ్గిస్తే నడిమ దెబ్బ బాగైంది, పుల్ల చచ్చిపోయింది. కంప్రెసర్ పెట్టాను. శబ్దం ఒక హద్దు దాటితే దాన్ని కిందికి నొక్కే ఎఫెక్ట్ అది. నడిమ దెబ్బ పడినప్పుడల్లా కంప్రెసర్ నొక్కేది, దానితో పాటు ఏ పాపం తెలియని పుల్ల శబ్దం కూడా మునిగిపోయేది.

కారణం చాలా సింపుల్. సాంప్లర్‌లో నాలుగు ప్యాడ్లున్నా బయటికి వచ్చే దారి ఒకటే, ఒక స్టీరియో జత. నాలుగు ప్రోగ్రాములు ఒకే టెర్మినల్ మీద ప్రింట్ చేస్తున్నట్టు. లైన్లు కలిసిపోయి తెర మీదికి వచ్చేశాక ఏ లైన్ ఎవరిదో చెప్పలేం. ఎఫెక్ట్ కూడా అంతే. దాని దగ్గరికి వచ్చేది కలిసిపోయిన ఒక సిగ్నల్. అందులో ఏది చిర్రో ఏది పుల్లో దానికి తెలియదు.

ఈ సమస్య సాఫ్ట్‌వేర్ కంటే పాతది. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ వెనక భాగం ఫోటో చూడండి. మాస్టర్ అవుట్‌తో పాటు విడి శబ్దాలకి విడి అవుట్‌పుట్ జాకులు వరసగా ఉంటాయి. బేస్ డ్రమ్‌కి ఒక వైరు, స్నేర్‌కి ఒక వైరు తీసి, మిక్సర్లో వేరు వేరు ఛానళ్ళలో పెట్టుకునేవాళ్ళు. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్టీ ప్లగిన్లు తెచ్చింది. 1999లో వాటి రెండో వెర్షన్‌తో వాయిద్యాలు కూడా ప్లగిన్లు అయ్యాయి. అప్పుడు ఆ జాకులు, వైర్లు అన్నీ మెనూల్లోకి వెళ్ళిపోయాయి. కంటికి కనపడవు కాబట్టి, ఉన్నాయని మనం మర్చిపోతాం.

నేను చేసింది ఇది. సాంప్లర్ ఉన్న ట్రాక్‌కి రెండు ఛానళ్ళ బదులు ఎనిమిది ఇచ్చాను. మొదటి ప్యాడ్ అవుట్‌పుట్ 1/2, రెండోది 3/4, మూడోది 5/6, నాలుగోది 7/8. కింద నాలుగు కొత్త ట్రాకులు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో జతని పంపాను. ఎఫ్ఎల్ స్టూడియో వాడేవాళ్ళకి పేర్లు, మెనూలు వేరేగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. ఇప్పుడు పుల్లకి కావలసిన ఎఫెక్ట్ పుల్లకే, నడిమ దెబ్బకి కావలసిన కంప్రెసర్ దానికే.

ప్లే నొక్కాను. నడిమ దెబ్బ గది అదిరేలా మోగింది. పక్క బెడ్ వాడు లేచి కూర్చున్నాడు. మిగతా మూడూ మామూలుగా ఉన్నాయి, అదొక్కటే మితిమీరింది. వాల్యూమ్ తగ్గించినా ఏదో తేడా. రెండు రాత్రులు పోయాయి దీనికి.

తప్పు దొరికింది హాస్టల్లో కాదు, పొలంలో. ఆదివారం పెదనాన్న మిరపకి నీళ్ళు పెడుతుంటే పక్కన కూర్చుని నా కష్టం చెప్పుకున్నాను. ఛానల్ అంటే ఏంటిరా అన్నాడు. కాలవ అన్నాను. అసలు అర్థం అదే కదా. మాది నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఊరు. 1967లో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలిన సంగతి ఆయన తరం వాళ్ళకి ఇంట్లో పెళ్ళి జరిగినట్టు గుర్తు. మెయిన్ కాలవ, దాన్నుంచి మేజర్, దాన్నుంచి పిల్లకాలవ, పొలం దగ్గర తూము. ఇవేవీ ఆయనకి నేను నేర్పక్కర్లేదు.

"అయితే పిల్లకాలవ తవ్వావు. పాత తూము మూశావా?" అన్నాడు.

"మూయడం ఏంటి?"

"మూయకుండా కొత్త కాలవ తవ్వితే నీళ్ళు రెండు దార్లా పోతాయి. చివర్లో రెండూ ఒకే మడిలో కలిస్తే మడి మునిగిపోద్ది."

సరిగ్గా అదే. 1/2 జత కొత్త ట్రాక్‌కి వెళ్తోంది, పాత దారిలో నేరుగా మాస్టర్‌కి కూడా వెళ్తోంది. ఒకే సిగ్నల్ రెండుసార్లు కలిస్తే 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. సాంప్లర్ ట్రాక్ మీద మాస్టర్ సెండ్ అనే టిక్ తీసేశాను. తూము మూసుకుంది. మీలో ఎవరైనా మల్టీ అవుట్ పెట్టాక ఏదో ఒక డ్రమ్ కారణం లేకుండా పెద్దగా మోగుతుంటే మొదట ఈ టిక్ చూడండి. డీబగ్గింగ్‌లో నాకు ఇంత త్వరగా జవాబు చెప్పిన వాళ్ళు ఇంకెవరూ లేరు.

రెండో పొరపాటు నేనే పట్టుకున్నాను. విడి ఛానళ్ళు వచ్చిన ఉత్సాహంలో నాలుగింటికీ నాలుగు రకాల రివర్బ్‌లు పెట్టేశాను. దాంతో ఒకే డప్పు ఏకకాలంలో నాలుగు గదుల్లో మోగుతున్నట్టు అయింది. అందుకే అందరూ రివర్బ్‌ని ఒక్క బస్సు మీద పెట్టి, ఒక్కో ఛానల్ నుంచి కావలసినంతే అటు పంపిస్తారు. పుల్ల నుంచి ఎక్కువ, నడిమ దెబ్బ నుంచి దాదాపు సున్నా. గది ఒకటే, అందులో ఎవరు ఎంత దూరంగా ఉన్నారన్నదే తేడా.

ఇప్పుడు బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చిందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసుకెళ్ళి పెదనాన్న చెవులకి పెట్టాను. మొదట మొత్తం వినిపించాను. తల ఊపాడు. తర్వాత గొప్ప చూపించుకుందామని సోలో బటన్ నొక్కి ఒక్కో ఛానల్ విడిగా వినిపించాను. ముందు చిర్ర ఒక్కటే, తర్వాత పుల్ల ఒక్కటే.

హెడ్‌ఫోన్స్ తీసేసి, "ఇదెవరు కొట్టింది?" అన్నాడు.

"నువ్వే పెదనాన్నా."

"నేను కాదు."

కోపంగా అనలేదు. నిజంగా గుర్తుపట్టలేదు. డప్పు తెచ్చి చూపించాడు. కుడిచేతి చిర్ర పడుతున్నప్పుడు ఎడమచేతి పుల్ల ఖాళీగా ఉండదు, తోలుకి ఆనుకునే ఉంటుంది. అది ఎంత ఆనితే నడిమ దెబ్బ అంత పొట్టిగా తెగుతుంది. పుల్ల ఎత్తితే అదే దెబ్బ సాగుతుంది. అంటే చిర్ర ఒక్కటే కొట్టినట్టు కనిపించే చోట కూడా రెండు చేతులూ పని చేస్తున్నాయి. నేను ఆగి ఆగి ఒక్కోటి కొట్టించినప్పుడు ఆ రెండో చెయ్యి పనే లేకుండా పోయింది. మన కారంపూడి వీరుల ఉత్సవాల్లో మోగే పంబ అయితే జోడు, రెండు వాయిద్యాలు కలిపి కట్టింది. డప్పుకి తోలు ఒకటే. రెండు పుల్లలూ దాని మీదే కలుస్తాయి. మైకు దాకా రాకముందే మిక్సింగ్ అయిపోయింది.

దీనికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక మందు ఉంది. చోక్ గ్రూప్ అంటారు. ఒక శబ్దం మోగగానే ఇంకో శబ్దాన్ని ఆపేస్తుంది. 808లో కూడా మూసిన హైహ్యాట్ కొడితే తెరిచిన హైహ్యాట్ ఆగిపోతుంది. అది పెట్టి మళ్ళీ వినిపించాను. ఆయన ఒక్క దెబ్బ వినగానే చెప్పేశాడు: "నొక్కితే తగ్గాలిరా, చచ్చిపోకూడదు."

అప్పుడు అర్థమైంది. విడదీయడం నాకు వచ్చింది. ఎక్కడ విడదీయాలో మాత్రం ఆయనకే తెలుసు. వెస్టర్న్ డ్రమ్ కిట్‌లో కిక్ ఒక డబ్బా, స్నేర్ ఒక డబ్బా. ట్యుటోరియల్స్ అన్నీ దాన్ని మనసులో పెట్టుకునే చేశారు. నేను డప్పుని కూడా ఆ కిట్‌లాగే కోశాను. ఒక మనిషి రెండు చేతుల్ని రెండు ట్రాకుల్లో పెట్టాను. డప్పుల జట్టులో నిజంగా విడిగా ఉండేవి చేతులు కావు, మనుషులు.

మళ్ళీ రికార్డ్ చేశాం. ఈసారి పెదనాన్న, మా బావ, చినతాత. ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి, ఒక్కో దెబ్బ కాకుండా చిన్న చిన్న ముక్కలు, రెండు చేతులూ కలిసి పలికే పలుకులు కొట్టించాను. ఒక్కో పలుకు అయిదారుసార్లు. ఎందుకంటే మిషన్ ఒకే శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వాయిస్తే మన చెవి వెంటనే పట్టేస్తుంది. అయిదారు ఉంటే సాంప్లర్ వాటిని మార్చి మార్చి వాయిస్తుంది. మధ్యలో తోలు చల్లారి దిగిపోయేది, మళ్ళీ మంట దగ్గరికి. ఆ దిగిన దెబ్బల్ని కూడా తీసేయలేదు. తిరునాళ్ళలో అర్ధరాత్రి దాటాక డప్పు అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఛానళ్ళు మూడు. రీపర్‌లో ట్రాక్ పేర్లు కిక్, స్నేర్ అని రాయలేదు. పెదనాన్న, బావ, చినతాత అని రాశాను. విడి ఛానళ్ళకి అసలైన ఉపయోగం ఇక్కడ కనిపించింది. ప్రభ ముందు ఆరుబయట హాలూ లేదు, గోడలూ లేవు, కాబట్టి రివర్బ్ దాదాపు తీసేశాను. దాని బదులు చిన్న ఆలస్యాలు పెట్టాను. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్లకి మూడు మీటర్ల పైచిలుకు. పెదనాన్నని సున్నా దగ్గర ఉంచి, బావకి 6, చినతాతకి 9 మిల్లీసెకన్లు ఇచ్చి, ఒకరిని కుడికి, ఒకరిని ఎడమకి జరిపాను. కళ్ళు మూసుకుంటే ముగ్గురూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. అందరూ ఒకే స్టీరియోలో కలిసి ఉంటే ఇది కుదిరేది కాదు.

ఒక రాత్రి ఇంట్లో అదే వింటున్నాను, స్పీకర్‌లో, చిన్నగా. పక్క గదిలోంచి నాన్న గొంతు వచ్చింది. "ఆ మూడోవాడు ముందుకొస్తున్నాడు."

ఏం మాట్లాడాలో తెలియలేదు. వేవ్‌ఫామ్‌లు పెద్దవి చేసి చూశాను. నిజమే. ఆలస్యాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ పెదనాన్నవీ బావవీ శబ్దాలు కత్తిరించేటప్పుడు ముందు కొంచెం ఖాళీ వదిలేశాను, చినతాతవి మాత్రం అంచుకి కోశాను. తేడా ఇంచుమించు 20 మిల్లీసెకన్లు. నేను పట్టుకోలేకపోయింది, డప్పు మాటెత్తితే కోప్పడే మనిషి గోడ అవతల నుంచి పట్టుకున్నాడు. సరిచేసి మళ్ళీ ప్లే చేశాను. ఈసారి ఆయన ఏమీ అనలేదు. అంటే సరిపోయిందని అనుకున్నాను.

మిక్స్ అయిపోయింది. కమిటీ వాళ్ళకి పంపడానికి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేయబోతూ ఆగాను. ఆ రోజు పొలంలో పెదనాన్న మాటల్లో మాటగా అన్నది గుర్తొచ్చింది. ఆయనకి డప్పు కళాకారుల పింఛను వస్తుంది, ఇప్పుడు నెలకి 4000. "పింఛను ఇస్తున్నారు, పిలవడం మానేస్తున్నారు" అన్నాడు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఇప్పటికే డీజే బండే. మిగిలింది చావులు, ప్రభ. నేను చేసిన ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వెళ్తే ప్రభ కూడా పోతుంది. పెదనాన్న డప్పు ఎంత బాగా మోగితే, పెదనాన్నని పిలవాల్సిన అవసరం అంత తగ్గుతుంది. ఇన్నాళ్ళూ నేను కష్టపడింది దీనికా అనిపించింది.

ఛానళ్ళు విడిగా ఉన్నాయి కదా. పెదనాన్న ట్రాక్ మీద మ్యూట్ బటన్ నొక్కాను. ఎర్రగా వెలిగింది. అలాగే ఎక్స్‌పోర్ట్ చేసి పంపించాను. వాళ్ళు విని, "బాగుంది కానీ మధ్యలో ఏదో ఖాళీగా ఉందిరా" అన్నారు. "అది పెదనాన్న చోటు. ఆయన ముందు నిలబడి కొడితేనే నిండుద్ది. లేకపోతే అంతే" అన్నాను. కాసేపు వాదించారు. చివరికి ఒప్పుకుని, డబ్బు మాట్లాడి, పిలిచారు.

శివరాత్రి రాత్రి ప్రభ ముందు పెదనాన్న కొట్టాడు. వెనకాల బాక్సుల్లోంచి బావ, చినతాత దరువు. పెదనాన్న దానికి లొంగలేదు. కావాలని కాస్త వెనకబడేవాడు, మళ్ళీ అందుకునేవాడు. మిషన్ ఆగదు కాబట్టి దానితో ఆడుకున్నాడు. జనం ఈలలు. నేను లాప్‌టాప్ దగ్గర నిలబడి చాలా గర్వంగా ఉన్నాను, పక్కకి చూసేదాకా.

పక్కన బావ ఉన్నాడు. ప్రభ ఒరిగిపోకుండా కట్టిన మోకు పట్టుకుని అందరితో పాటు లాగుతున్నాడు. బాక్సుల్లోంచి తన డప్పే వినిపిస్తోంది. చేతుల్లో మాత్రం మోకు.

అతన్ని ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? నేను ఒక్క ఛానలే మ్యూట్ చేశాను. ఆ ఆలోచనే గొప్పదనుకుని అక్కడితో ఆగిపోయాను. చినతాత ఆ రాత్రి తిరునాళ్ళకి రానే లేదు.

తెల్లారి టీ తాగుతూ బావ అన్నాడు, నవ్వుతూనే: "నీ డబ్బాలో నేనున్నాగా. ఇంక నాతో పనేముంది?" నేను సారీ చెప్పబోయాను. "సారీ ఎందుకురా. వచ్చే ఏడు నా బటన్ కూడా నొక్కు, చాలు" అన్నాడు.

వచ్చే శివరాత్రికి ఫైల్ ఇప్పటికే సిద్ధంగా ఉంది. బేస్, సన్నాయి, కాస్త చప్పట్లు. మూడు ట్రాకుల మీదా ఎర్ర బటన్. విడిగా ప్లే చేస్తే అదేమంత బాగోదు, బాగోకూడదు కూడా. మొన్న కమిటీ వాళ్ళకి పంపించాను. అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఇందులో డప్పులేవిరా?"

బావ నంబరు పంపించాను.